వినపడని వాళ్ళకు ఏ పని?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ముందుగా ఒక మాట. మా గొంతు మాకు సరిగా వినపడదు. అందుకని ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో తెలియదు. మైకులో మోత ఎక్కువైతే వెనక వరసలో వాళ్ళు చెయ్యి ఎత్తండి, తగ్గిస్తాం. మాట్లాడుతున్నది ఒక్కరే అయినా ఈ కాగితం అయిదుగురం కూర్చొని రాసుకున్నాం. అందుకే ‘మేము’ అంటున్నాం.

మాది వికలాంగుల సంఘం. ఎనిమిది మందిమి. ఇద్దరికి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఒకరికి చూపు తక్కువ. మిగతా అయిదుగురికి వినికిడి లేదు, ఉన్నా చాలా తక్కువ. ఆ అయిదుగురి పనుల గురించి చెప్పమని సమాఖ్య వాళ్ళు అడిగారు. పింఛను గురించి అడగకుండా పని గురించి అడిగారు. అందుకు మాకు చాలా సంతోషంగా ఉంది.

చెవుడు అందరికీ ఒకే రకంగా ఉండదు. మామూలుగా మనం ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దాకా ఉంటుందని పరీక్ష చేసేవాళ్ళు చెబుతారు. రెండు చెవుల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి తక్కువ అనీ, 70, ఆ పైన ఉంటే చెవుడు అనీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రాసి ఉంది. మాలో ఒక అమ్మాయికి పుట్టుకతోనే ఏమీ వినపడదు, చేతులతో మాట్లాడుతుంది. ముగ్గురికి చిన్నతనంలో చీము కారి, జ్వరాలు వచ్చి పోయింది. ఒక అక్కకు నలభై ఏళ్ళు దాటాక తగ్గుతూ తగ్గుతూ పోయింది. అయిదుగురిలో ముగ్గురం మిషన్ పెట్టుకుంటాం. మిషన్ పెట్టుకుంటే అన్నీ వినపడతాయని చాలామంది అనుకుంటారు. అది మాటనూ పెంచుతుంది, మిక్సీ మోతనూ పెంచుతుంది, ఎదురింటి కుక్క అరుపునూ పెంచుతుంది. అందులోంచి మాటను మేమే ఏరుకోవాలి. సగం చెవితో, సగం ఎదుటి మనిషి పెదాలు చూసి ఏరుకుంటాం.

పెదాలు చూసి చదవడం ఎంత కష్టమో మీరే చూడండి. పక్కన కూర్చున్న అక్క వైపు తిరిగి, నోట్లోంచి శబ్దం రాకుండా ‘పాట’ అనండి. తర్వాత ‘బాట’ అనండి. ఆ తర్వాత ‘మాట’ అనండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి. ఏది అన్నారో ముందూ వెనకా మాటలను బట్టి మేము ఊహించుకోవాలి. రోజంతా ఇదే పని. సాయంత్రానికి కళ్ళు లాగేస్తాయి, తల బరువెక్కుతుంది. అప్పుడు మేము ముభావంగా ఉంటే పొగరు అనుకుంటారు.

ఇక పని గురించి చెబుతాం. వినపడని ఆడపిల్ల అనగానే ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే సలహా. కుట్టు మిషన్ కొనిపెట్టండి, ఇంట్లో కూర్చొని కుట్టుకుంటుంది, ఎవరితో మాట్లాడే పని ఉండదు. లేకపోతే విస్తళ్ళు కుట్టడం, అగరబత్తీలు చుట్టడం, పొట్లాలు కట్టడం. అన్నీ మూల గదిలో గోడకేసి కూర్చొని చేసేవే. కుట్టుపనిని మేము తక్కువ చెయ్యడం లేదు. మా సంఘంలోనే ఒక పోలియో అక్క కుట్టే జాకెట్ల కోసం పక్క ఊరి నుంచి వస్తారు. ఆమెకు ఆ పని ఇష్టం. మా బాధ వేరు. వినపడకపోతే మాట్లాడటం అక్కర్లేదనీ, మనుషులతో పని లేదనీ ముందే తీర్మానం చేసేస్తారు. నీకు ఏం చెయ్యాలని ఉందని మమ్మల్ని ఎవరూ అడగరు. ఒక చోట మా చెల్లెలి రుణం కాగితంలో పేరు, ఊరు రాశాక, ఆమెను అడగకుండానే ‘ఏ పనికి’ అన్న గడిలో ‘టైలరింగ్’ అని రాసేశారు. అంతకుముందు ఆ పిల్ల సూదిలో దారం కూడా ఎక్కించి ఎరగదు.

ఆ చెల్లెలి సంగతే చెబుతాం. ఆమెకు మనుషులంటే ఇష్టం. పెళ్ళిళ్ళకు పోతే వడ్డన దగ్గర ఉంటుంది. నలుగురికి పెట్టి, వాళ్ళు తింటుంటే చూడటం ఆమెకు ఆనందం. టిఫిన్ బండి పెడతానంది. ఇంట్లో వాళ్ళు నవ్వారు. గిరాకీ ఏమడిగిందో నీకెట్టా తెలుస్తుంది, పునుగులడిగితే పూరీ ఇస్తావు అన్నారు. నిజమే, పొద్దున ఏడు గంటలకు పదిమంది మూగి ఒకేసారి అడిగితే చెవులు బాగున్నవాళ్ళకే తికమక. మేము సంఘంలో మూడు సమావేశాలు ఈ ఒక్క విషయమే మాట్లాడుకున్నాం. ఆమెను మానిపించడం గురించి కాదు. బండి ఎట్లా కడితే ఆమెకు నడుస్తుందో ఆలోచించాం.

మొదట బండి దిశ మార్చాం. టిఫిన్ బండ్లలో చాలావాటికి పొయ్యి ఒక పక్కకు ఉంటుంది, వేసేటప్పుడు జనానికి వీపు పెట్టాలి. మా చెల్లెలు ఎప్పుడూ జనానికి ఎదురుగా ఉండేటట్టు పొయ్యి పెట్టించాం. వెనక నుంచి వచ్చేవాళ్ళు కనపడటానికి మంగలి షాపులో ఉండే లాంటి అద్దం ఒకటి పై కర్రకు కట్టాం. బల్ల మీద బొమ్మల పలక పెట్టాం. ఇడ్లీ, దోసె, పూరీ, పునుగులు, బొండా అన్నిటికీ బొమ్మ, పక్కన ధర. వచ్చినవాళ్ళు బొమ్మ మీద వేలు పెడతారు, ఎన్ని కావాలో వేళ్ళు చూపిస్తారు. పార్సిల్ అయితే ఎర్ర బిళ్ళ, అక్కడే తినేవాళ్ళకు పచ్చ బిళ్ళ. బండికి అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘నాకు వినపడదు, నా ముందుకు వచ్చి చూపించండి’ అని రాయించాం. ఈ బోర్డు దగ్గర మాలో మాకే గొడవ అయింది. ఇంత పెద్దగా రాసుకుంటే నలుగురిలో నామోషీ అని ఇద్దరన్నారు. మా చెల్లెలు మాత్రం రాయించమంది. రోజుకు వందసార్లు నోటితో చెప్పుకోవడం కంటే ఒక్కసారి రంగుతో రాయించడం నయం అంది.

బండి పెట్టిన వారం రోజులకు ఎవరం అనుకోని ఇబ్బంది ఒకటి వచ్చింది. ఇప్పుడు అందరూ ఫోన్‌తోనే డబ్బులు కొడుతున్నారు గదా. ఎంత పడిందో చెప్పే మాట్లాడే డబ్బా ఒకటి ఇస్తారు. మా చెల్లెలికి ఆ డబ్బా గోడతో సమానం. ఒకరిద్దరు పాత స్క్రీన్ చూపించి పోయారు కూడా. తర్వాత ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి కళ్ళెదురుగా తగిలించుకుంది. డబ్బు పడితే తన ఫోన్ అదిరి మెసేజ్ వెలుగుతుంది. అది చూశాకే పొట్లం చేతికిస్తుంది. ఇడ్లీ పాత్ర కాలం కూడా అదే ఫోన్‌లో పెట్టుకుంటుంది, అయిపోగానే నడుం దగ్గర అదురుతుంది. గ్యాస్ బుస వినపడదు గనక పొద్దున్నే వెలిగించే ముందు ట్యూబ్ చివర సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తుంది. నిజం చెప్పాలంటే ఈ పని చెవులున్న వాళ్ళం కూడా చెయ్యాలి, చెయ్యం.

ఈమధ్య వచ్చిన గిరాకీలో చాలామంది ఆమెతో చేతులతోనే మాట్లాడుతున్నారు. అల్లం చట్నీ ఇంకొంచెం అని, కారప్పొడి వద్దని సైగలు వాళ్ళే తయారు చేసుకున్నారు. బస్సు డ్రైవర్లు దూరం నుంచే రెండు వేళ్ళు చూపిస్తారు, దిగేసరికి ప్లేటు సిద్ధంగా ఉంటుంది. కుట్టు మిషన్ ముందు కూర్చోబెట్టి ఉంటే ఈ పిల్లకు ఇంతమంది మనుషులు దక్కేవాళ్ళు కాదు.

వినికిడి మిషన్ వాడేవాళ్ళకు ఇక్కడే ఒక జాగ్రత్త. చెమట, ఆవిరి, తల నూనె దానికి పడవు. పొయ్యి దగ్గర పనిచేసేటప్పుడు తరచూ తుడుచుకోవాలి, తల స్నానానికి ముందు తీసెయ్యాలి. రాత్రి పూట బ్యాటరీ మూత తెరిచి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. కొత్త చెప్పుల పెట్టెలో తెల్ల గింజల పొట్లం వస్తుంది చూడండి, దాన్ని పారెయ్యకుండా ఆ డబ్బాలో వెయ్యండి, తేమ పీల్చుకుంటుంది. చెవిలో పెట్టే అచ్చు వదులైతే కూత పెడుతుంది. మిషన్ పాడైందని పక్కన పడెయ్యకుండా అచ్చు మార్పించుకోవాలి. మొదటి నెల తలనొప్పి వస్తుంది, మూలన పడేద్దామనిపిస్తుంది. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి.

ఇంకో చెల్లెలు ఒక పట్నంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో రెండేళ్ళు చేసింది. ఏ ఫ్యాక్టరీ అన్నది ఇప్పుడెందుకు. దారాలు కత్తిరించే చోట పెట్టారు. జీతం వేళకు ఇచ్చేవాళ్ళు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆమెతో చేరినవాళ్ళు ఆరు నెలల్లో మిషన్ మీదికి, ఏడాదికి లైనులో చెకింగ్‌కు వెళ్ళారు. ఆమెను మాత్రం దారాల దగ్గరే ఉంచారు. అడిగితే సూపర్‌వైజరు పిలిస్తే పలకవు, నీకు ఎట్లా నేర్పాలి అన్నారట. పిలిచేది వెనక నుంచి, అదీ మిషన్ల హోరులో. భుజం మీద ఒక చెయ్యి వేస్తే అయిపోయే పని. పని ఉంది, కూలి ఉంది, ముందుకు పోయే దారి మాత్రం లేదు. మాలాంటి వాళ్ళకు పని ఇచ్చామని లెక్క చెప్పేవాళ్ళు ఈ సంగతి కూడా చూడాలి. రెండేళ్ళు ఒక మనిషి ఒకే కత్తెర పట్టుకొని కూర్చుందంటే ఆమెకు పని దొరికిందని మేము అనుకోం.

ఆమె వచ్చేసింది. అక్షరాలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. సినిమా పోస్టర్ మీద అక్షరాలు చూసి నోటుబుక్కు వెనక వేసేది. మండల కేంద్రంలో ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ నేర్చుకుంటానంది. ఫీజుకు, కంప్యూటర్‌కు సంఘం నుంచి, స్త్రీనిధి నుంచి అప్పు తీసుకుంది. తెలుగు టైపింగ్, ఫొటోషాప్, కోరల్ డ్రా నేర్చుకోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ పనిలో ఉన్న మేలేమిటంటే అక్కడ అంతా ముందునుంచీ కాగితం మీదే నడుస్తుంది. పేరు తప్పు పడితే మళ్ళీ అచ్చు వెయ్యాలి గనక నోటిమాట మీద ఎవరూ ఫ్లెక్సీ వేయించరు. ఓణీల ఫంక్షన్ అయినా, పెద్దకర్మ అయినా, నాయకుడి పుట్టినరోజు అయినా వివరాలు రాసి ఇస్తారు, లేదంటే వాట్సాప్‌లో పంపుతారు. ప్రూఫు చూసి సంతకం పెడతారు. ఆమెకు చెవితో పనే లేదు. పైగా ఆమె దిద్దినట్టు తప్పులు ఎవరూ దిద్దలేరని షాపు ఓనరే చెబుతాడు. పోయిన సంవత్సరం జీతం కాకుండా పనికింత అని మాట్లాడుకుంది. ఈ సభ ఫ్లెక్సీ ఆమె చేసిందే. ‘మహాసభ’ అన్న అక్షరాలు చూడండి, అవి కంప్యూటర్‌లో దొరికేవి కాదు, తను గీసినవి.

ఇక నలభై దాటాక చెవులు పోయిన అక్క సంగతి. మధ్యలో పోవడం వేరే కష్టం. పుట్టుకతో లేనివాళ్ళు దానికి తగ్గట్టే పెరుగుతారు. ఆ అక్క ఇరవై ఏళ్ళు గంపలో కూరగాయలు పెట్టుకొని వీధి వీధీ తిరిగి అమ్మింది. కేక వేస్తే నాలుగు ఇళ్ళ అవతలికి వినపడేది. కేక ఇప్పటికీ వెయ్యగలదు. మేడ మీంచి ఎవరన్నా పిలిస్తే మాత్రం వినపడదు, పోతూనే ఉంటుంది. పిలిచినా పలకలేదని ఆ ఇంటివాళ్ళకు కోపం. ఇరవై అంటే అరవై అని, అరవై అంటే ఇరవై అని బేరంలో తగాదాలు. రెండేళ్ళలో వ్యాపారం సగానికి పడిపోయింది. ఇంట్లో చెప్పలేక చాలాకాలం వినపడుతున్నట్టే తల ఊపుతూ వచ్చింది.

ఇప్పుడు గుడి సందు మొదట్లో ఒకే చోట కూర్చుంటుంది. ప్రతి గంపలో ధర రాసిన పలక గుచ్చింది. రాసిన ధర మీద జనం బేరం కూడా తక్కువ ఆడతారు, అది మేము అనుకోని లాభం. డబ్బు పరంగా కుదుటపడింది. కానీ అక్క సంతోషంగా లేదు. ఆమెకు నచ్చింది కూరగాయలు అమ్మడం కాదట, ఇల్లిల్లూ తిరిగి నాలుగు కబుర్లు చెప్పుకోవడమట. ఒకచోట కూర్చొని పలకలకు కాపలా కాస్తున్నట్టుంది అంటుంది. ఆమెకు తగింది మేము ఇంకా వెతుకుతున్నాం. అంగన్‌వాడీ పిల్లలకు ఆకుకూరల మడులు వేయించే పని ఒకటి అనుకున్నాం, ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా ఆలోచన ఉంటే చెప్పండి.

నాలుగో మనిషి సంఘాల లెక్కలు రాస్తుంది. మా సంఘంవే కాక ఇంకో నాలుగు సంఘాలవి. పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు, ఆ పైన చదువు సాగలేదు. చెవిటిదానికి పొదుపు లెక్కలేంటి, ఎవరు ఎంత కట్టారో వినపడొద్దా అన్నారు మొదట్లో. మేము లెక్క చెవితో తీసుకోం. డబ్బు, పాసుబుక్కు రెండూ బల్ల మీద పెట్టాలి. ఎదురుగా రాస్తాం, కట్టినవాళ్ళు చూసి వేలు పెట్టాలి. నోటిమాట లెక్క మా దగ్గర లేదు గనక, నేను కట్టాను నువ్వు రాయలేదు అన్న తగాదా ఇప్పటిదాకా రాలేదు. ఆ మనిషే ఇప్పుడు మీ ముందు నిలబడి ఉన్నది. నెలాఖరున అయిదు పుస్తకాలూ పైసాతో సహా సరిపోయినప్పుడు కలిగే తృప్తి మాకు ఇంకెక్కడా లేదు. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే మాత్రం మేము ఎత్తలేం. అది మా పోలియో అక్క మాట్లాడుతుంది. ఆమె బ్యాంకుకు నడవలేదు, మేము నడుస్తాం. ఇట్లా సర్దుకుంటాం.

మా సమావేశం ఎట్లా జరుగుతుందో కూడా చెబుతాం, ఎందుకంటే మీ సంఘాల్లో కూడా వయసు మీద పడి చెవులు తగ్గిన పెద్దమ్మలు ఉంటారు, వాళ్ళు వెనక కూర్చొని అందరూ నవ్వినప్పుడు నవ్వి వెళ్ళిపోతుంటారు. మేము పగటి పూటే, నాలుగు గంటలకు కూర్చుంటాం. చీకటి పడి కరెంటు పోతే మాకు మాట కూడా పోతుంది. వరసగా కూర్చోం, గుండ్రంగా కూర్చుంటాం. వెలుతురుకు వీపు పెట్టి ఎవరూ మాట్లాడకూడదు, మొహం నీడలో పడుతుంది. ఒక రూళ్ళకర్ర ఉంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. తీర్మానం నోటితో అన్నాక పలక మీద రాసి అందరికీ తిప్పుతాం. మాటను అక్షరాలుగా చూపించే యాప్ ఫోన్‌లో పెట్టుకున్నాం, తెలుగు కూడా వస్తుంది. మన యాసకు, ఒకరి మాట మీద ఒకరు పడితే, అది తప్పులు రాస్తుంది. ఒకసారి ‘వడ్డీ’ని ‘బడి’ చేసింది. అయినా ఏమీ లేనిదానికంటే నయం. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాం. ఏమన్నారని మేము అడిగితే ‘ఏం లేదులే’ అనకండి. మాకు అన్నిటికంటే చేదైన మాట అదే. చెవిటి మాలోకం అన్నా పడతాం గానీ అది పడలేం.

పనిలో చేరేటప్పుడు వినపడదని ముందే చెప్పాలా, వద్దా అని చాలామంది తల్లులు అడుగుతున్నారు. దీనిమీద మాలో ఒకే మాట లేదు. ఫ్లెక్సీ చెల్లెలు ముందు చెప్పకుండా నెల రోజులు పని చూపించి తర్వాత చెప్పింది. ముందే చెబితే గుమ్మంలోంచే పంపేవాళ్ళు అంటుంది. మిగతా వాళ్ళం మొదటిరోజే చెప్పాలంటాం. అయితే ‘నాకు వినపడదు’ అని ఆపకూడదు. ‘నాకు వినపడదు, చెప్పేది రాసి ఇస్తే చేస్తాను’ అని ఏం కావాలో కలిపి చెప్పాలి. ఉత్త మొదటి సగం చెబితే ఎదుటివాళ్ళకు భయం పుడుతుంది.

చట్టం మన పక్కన ఎంతవరకు ఉందో తెలుసుకొని ఉండటం మంచిది. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఖాళీలు కేటాయించాలి, అందులో 1 శాతం వినికిడి లేనివాళ్ళకు. పేదరికం తగ్గించే పథకాల్లో 5 శాతం వికలాంగులకు ఇవ్వాలని, అందులోనూ ఆడవాళ్ళకు ముందు ఇవ్వాలని 37వ సెక్షన్ చెబుతుంది. మన సమాఖ్యలో ఎవరు ఏ పథకం లెక్క తీసినా ఈ సెక్షన్ గుర్తు చెయ్యండి. వీటన్నిటికీ సదరం సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలో స్లాట్ తీసుకొని, చెవి డాక్టరు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలి. పింఛను 2024 జూలై నుంచి 3,000 పోయి 6,000 అయింది. మంచిదే. కానీ ‘ఆరువేలు వస్తున్నాయిగా, ఇంకా పనెందుకు నీకు’ అనే మాట కూడా అప్పటి నుంచే ఎక్కువైంది. జీతం వచ్చే మగవాణ్ణి పంట ఎందుకు వేస్తున్నావని ఎవరన్నా అడుగుతారా?

చెవులు లేనివాళ్ళు ఏదో చిన్న పనికి తప్ప పనికిరారు అనేవాళ్ళకు రెండు సంగతులు. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే వినపడని అమ్మాయి లాయరుగా సుప్రీంకోర్టు ముందు వాదించింది. ఆమె చేతుల భాషలో చెబుతుంటే పక్కన ఇంకొకరు మాటల్లో చెప్పారు. మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్‌లో కాంస్య పతకం తెచ్చింది. ఇద్దరి వెనకా ఇంట్లో వాళ్ళు నిలబడ్డారని చదివాం. మేము వాళ్ళంత కావాలని కాదు, మా వెనక కూడా ఎవరో ఒకరు నిలబడాలి.

చివరి సంగతికి వస్తున్నాం, అసలు ఇందుకే మైకు అడిగాం. మాలో అందరికంటే చిన్నది, చేతులతో మాట్లాడే అమ్మాయి. బధిరుల బడిలో హాస్టల్లో ఉండి చదివింది, పోయిన సంవత్సరం ఇంటర్ పాసైంది. చేతుల భాష నేర్పే టీచరు కావాలని ఆమె కోరిక. ఢిల్లీలో ప్రభుత్వం 2015లో పెట్టిన సంజ్ఞా భాష సంస్థ ఉంది. 2021లో 10,000 పదాల నిఘంటువు తెచ్చింది వాళ్ళే, ఫోన్‌లో చూడొచ్చు. సంజ్ఞా భాష నేర్పడంలో అక్కడ రెండేళ్ళ డిప్లొమా ఉంది, అది వినపడని వాళ్ళకోసమే పెట్టింది. మామూలుగా వినపడకపోవడం అడ్డం అంటారు, ఈ ఒక్క పనికి వినపడకపోవడమే అర్హత. ఇంట్లో వాళ్ళు ఢిల్లీ అనగానే వద్దన్నారు. మాటరాని పిల్లను అంతదూరం పంపుతారా, పెళ్ళి చేసెయ్యండి అని చుట్టాలు. నిజానికి ఆ పిల్లకు మాట రాకపోవడం ఏమీ లేదు, మనకు ఆమె భాష రాదు, అంతే. పిల్లలకు పాఠం ఎట్లా చెబుతావని అడిగితే ఈ సభ హాల్లో వాన పడటం, కాలువ పొంగడం, కప్ప గట్టు మీదికి దూకడం చేతులతో చూపించింది. మా పోలియో అక్కలిద్దరూ ఆమె దగ్గర రోజూ కొన్ని సైగలు నేర్చుకుంటున్నారు, మేమూ నేర్చుకుంటున్నాం.

ప్రవేశానికి దరఖాస్తు, ప్రయాణం, రెండేళ్ళు అక్కడ ఉండటానికి ఖర్చు. మా సంఘం అంతర్గత అప్పుగా ఇవ్వగలిగింది ఇస్తాం, అది చాలదు. గ్రామ సంఘంలో అడిగితే చదువుకు, అదీ ఆదాయం వచ్చేదాకా రెండేళ్ళు ఆగే పనికి, రుణం ఇచ్చే పద్ధతి లేదన్నారు. బర్రె కొనడానికి ఉంది, కుట్టు మిషన్‌కు ఉంది. బర్రె కూడా కొన్నరోజే పాలివ్వదు గదా, చూడిది అయితే ఈనేదాకా ఆగుతాం. ఈ పిల్ల చదువును జీవనోపాధి రుణంగా లెక్కవేసి, కోర్సు అయ్యాక వాయిదాలు మొదలయ్యేటట్టు ఈ మహాసభలో తీర్మానం చెయ్యమని మా ఎనిమిది మంది తరఫున అడుగుతున్నాం. తీర్మానం రాతపూర్వకంగా కార్యదర్శి గారికి ఇచ్చాం. ఇంట్లో వాళ్ళను మేము ఒప్పిస్తాం. మొదటిసారి దించడానికి మాలో ఇద్దరం ఢిల్లీ దాకా వెళ్తాం.

దాంతోపాటు ఇంకొకటి. రుణం కాగితంలో ‘ఏ పనికి’ అనే గడిని ఆ మనిషి తనే నింపేదాకా ఖాళీగా ఉంచాలని బుక్ కీపర్లందరికీ సమాఖ్య చెప్పాలి. రాయడం రానివాళ్ళు బొమ్మ చూపించినా సరే.

సదరం సర్టిఫికెట్ లేనివాళ్ళు, ఇంట్లో వినపడని పిల్లలున్న తల్లులు భోజనాల తర్వాత మా దగ్గర పేర్లు రాయించుకోండి. కిటికీ పక్కన వెలుతురులో ఒక బల్ల వేసుకొని కూర్చుంటాం. బల్ల మీద పలక, నోటుబుక్కు, పెన్ను ఉంటాయి. ప్రశ్నలుంటే రాసి ఇవ్వండి, రాయడం రానివాళ్ళు మా పోలియో అక్కతో చెప్పండి. అందరూ ఒకేసారి మాట్లాడకండి, ఎదురుగా వచ్చి ఒక్కొక్కరే అడగండి.